పలకనేత పట్టీలు: కంప్యూటరుపై నమూనా కూర్చు విధము

నవారు మంచము లేని ఇల్లు ఒక తరము వెనుకవరకు కోనసీమలో అరుదు. రెండంగుళముల వెడల్పుగల ఆ నూలుపట్టీని చుట్టలుగా కొని తెచ్చి, చట్రమునకు అల్లి, సాగినప్పుడెల్ల మరల బిగించుకొని వాడుకొనుట మన పెద్దలకు నిత్యకృత్యము. సంచికి పట్టెడ, నడుమునకు దట్టీ, కనుమనాడు ఎడ్ల మెడలో కట్టు రంగుల పట్టీ, ఇవన్నియు సన్నని నేతకు సంబంధించినవే. చీరకును పంచెకును వచ్చిన పేరు ఈ పట్టీలకు రాలేదు. నేడు నవారు స్థానమును చాలచోట్ల ప్లాస్టిక్ పట్టీ ఆక్రమించినది.

సన్నని పట్టీలను మగ్గము లేకుండ, అచ్చు లేకుండ, విద్యుచ్ఛక్తి లేకుండ నేయు ఒక పురాతన పద్ధతి కలదు. దానిని పలకనేత అని పిలువవచ్చును. పలకలను ఏ వరుసలో ఎటు త్రిప్పవలెనో ముందుగనే లెక్కకట్టి చూపు సాఫ్ట్‌వేరు ఇప్పుడు ఉచితముగ లభించుచున్నది. కె.గంగవరం మండలమువంటి ప్రాంతమున, వరికోతలకును నాట్లకును నడుమ తీరిక దొరకు స్త్రీలకు, డ్వాక్రా సంఘముల సభ్యులకు ఇది ఒక చేతిపనిగ ఉపకరింపగలదను అభిప్రాయముతో ఈ పాఠము వ్రాయబడినది. ఇది చీరల మగ్గమునకు ప్రత్యామ్నాయము కాదు. బండారులంకలోను మోరిలోను మగ్గముపై బ్రతుకుచున్నవారు దానిని విడిచి దీనికి రావలసిన పని లేదు. ఈ సంగతి మొదటనే చెప్పుట మంచిది.

కావలసిన సామగ్రి చాల స్వల్పము. రెండున్నర అంగుళముల చదరపు పలకలు కొన్ని కావలెను. గట్టి అట్టతోగాని, పలుచని చెక్కతోగాని, పాత పేకముక్కలను చదరముగ కత్తిరించిగాని వానిని చేసికొనవచ్చును. మన భాషలో పడుగునకు అడ్డముగ నడచు దారమును పేక అందుము. జూదపు ముక్కలనుకూడ పేక అనియే అందుము. ఊరిలో ఎన్నో సంసారములకు చేటు తెచ్చిన ఆ పేకముక్కలకు ఈ పేకతో పొత్తు కుదిరినచో వానికిని సద్గతి కలిగినట్లే. ప్రతి పలకకును నాలుగు మూలల నాలుగు రంధ్రములు చేయవలెను. రంధ్రముల అంచులు నునుపుగ ఉండవలెను. లేనిచో నూలు పీచులేచి తెగును. మూలలను కొంచెము గుండ్రముగ కత్తిరించినచో పలకలు ఒకదానికొకటి తగులుకొనక తేలికగ తిరుగును. నూలు రెండు పేటలు మెలిపెట్టినదై ఉండవలెను. ఒంటిపేట నూలు ఈ రాపిడికి ఆగదు.

రంధ్రములకు 1, 2, 3, 4 అని గుర్తులు పెట్టి, ఒక్కొక్క రంధ్రమున ఒక్కొక్క పడుగుదారము ఎక్కింపవలెను. అనగా పదునారు పలకలకు అరువది నాలుగు దారములు. పలకలన్నిటిని పేకదస్తావలె ప్రక్కప్రక్కన నిలిపి, పడుగు ఒక కొసను కిటికీచువ్వకు, రెండవ కొసను నడుమునకు కట్టుకొని కూర్చుండవలెను. ప్రతి పలకలోను రెండు దారములు పైనను, రెండు దారములు క్రిందను ఉండును. ఆ రెంటి నడుమ ఏర్పడిన సందులోనుండి పేకదారమును పోనిచ్చి, పలకలన్నిటిని పావువంతు ముందుకు త్రిప్పవలెను. క్రొత్త దారమొకటి పైకి వచ్చును. మరల పేక. మరల పావు త్రిప్పు. నాలుగు త్రిప్పులకు పలక మొదటి స్థితికి వచ్చును. ఆ పలకలోని నాలుగు దారములు ఒక త్రాడుగ మెలిపడును. పట్టీ అనునది నిజమునకు ప్రక్కప్రక్కన పేర్చిన సన్నని త్రాళ్ళ వరుస. వానిని పేకదారము లోపలనుండి కట్టి ఉంచుచున్నది. పలకనేత పట్టీ గట్టిగ ఉండుటకు కారణమిదియే.

ఈ విద్య క్రొత్తది కాదు. నార్వే దేశమున ఓసెబర్గ్ అను తావున 1904లో ఒక పురాతన నౌకాసమాధిని త్రవ్వి తీసిరి. క్రీ.శ. 834లో పూడ్చబడిన ఆ నౌకలో, సగము నేసిన పట్టీ, దానికి పడుగు ఎక్కించియున్న 52 చెక్కపలకలు లభించినవి. పేకదస్తాలోని ముక్కల సంఖ్యయు అదియే కావడము కాకతాళీయము. మనకు ఇంకను దగ్గరి ఉదాహరణము బర్మాదేశమున ఉన్నది. అచ్చటి బౌద్ధవిహారములలో తాటాకు గ్రంథములను చుట్టి కట్టుటకు సాజీజో అను పొడవైన నూలుపట్టీలను పలకలతోనే నేసెడివారు. ఆ పట్టీపై దాత పేరు, అతడు చేసిన పుణ్యకార్యము, ఆశీస్సులు అక్షరములుగ నేయబడియుండెడివి. కోరంగి, కాకినాడ రేవులనుండి ఓడలెక్కి రంగూను వెళ్ళిన గోదావరి ప్రాంతపు తెలుగువారు లెక్కకు మిక్కిలి. బర్మీయులు మనవారిని ఆ రేవు పేరుతోనే కోరంగీలని పిలిచిరి. అట్లు పోయివచ్చినవారి పెట్టెలలో అటువంటి పట్టీ ఏదైన మిగిలియుండినచో దానిని చెదలకు వదలక భద్రపరుపవలసినదిగ కోరుచున్నాము.

ఇక లెక్క సంగతి. పలకలన్నిటిని ఒకేసారి ఒకే దిశను త్రిప్పినప్పుడు పని సులభము. కాని ప్రతి పలకను ప్రతి వరుసలోను ముందుకో వెనుకకో విడిగ త్రిప్పవచ్చును. ఇరువది పలకలున్నచో ఒక్క వరుసలోనే 10,48,576 విధములుగ త్రిప్పవచ్చునని గణితము చెప్పుచున్నది. వంద వరుసల నమూనాకు రెండువేల నిర్ణయములు. పూర్వులు ఈ నిర్ణయములను చేతి అలవాటులోను జ్ఞాపకములోను దాచుకొనిరి. క్రొత్తగ నేర్చువారికి ఆ జ్ఞాపకము లేదు. సాఫ్ట్‌వేరు తీర్చునది ఆ లోటును మాత్రమే.

ఒక ఉదాహరణమును సంపూర్ణముగ చూతము. కొబ్బరి మట్టవలె నడుమ ఈనె, ఇరుప్రక్కల వాలుగ ఆకులు గల పట్టీ కావలెననుకొందము. నమూనాకు పండ్రెండు పలకలు, అంచులకు ఇరువైపుల రెండేసి చొప్పున నాలుగు పలకలు, మొత్తము పదునారు. అంచు పలకలలో అన్నియు ఆకుపచ్చ దారములే. నమూనా పలకలు ఒక్కొక్కదానిలో ఒక ఎఱ్ఱ దారము, మూడు తెల్ల దారములు ఉండును. ఎడమనుండి మొదటి ఆరు పలకలలో ఎఱ్ఱ దారము వరుసగ 1, 2, 3, 4, 1, 2 రంధ్రములలో ఉండవలెను. తరువాతి ఆరు పలకలలో దానికి అద్దపు ప్రతిబింబమువలె 2, 1, 4, 3, 2, 1 రంధ్రములలో ఉండవలెను. ఎడమ ఆరు పలకలకు దారములను పలక ముఖమునుండి వెనుకకు ఎక్కించినచో, కుడి ఆరు పలకలకు వెనుకనుండి ముఖమునకు ఎక్కింపవలెను. ఇక అన్నిటిని ముందుకు త్రిప్పుచు నేసినచో, ఒక్కొక్క త్రిప్పునకు ఎఱ్ఱని చుక్క ఒక్కొక్క పలక నడుమవైపునకు జరుగును. రెండు వాలుగీతలు నడుమ కలిసి కొబ్బరి మట్ట ఏర్పడును. కొంతదూరము నేసి దిశ మార్చి వెనుకకు త్రిప్పినచో మట్ట తలక్రిందగును. నాలుగేసి త్రిప్పులకే దిశ మార్చినచో మట్ట పోయి వజ్రపు గళ్ళు వచ్చును. దారములు అవియే, మారినది త్రిప్పు మాత్రమే.

నూలు లెక్క కూడ ఇచ్చటనే చెప్పుకొందము. మూడు మీటర్ల పట్టీకి కొసల వృథా, మెలిలో పోవు పొడవు కలుపుకొని నాలుగేసి మీటర్ల పడుగు తీసికొనుట క్షేమము. ఎఱ్ఱ దారములు 12, కావున 48 మీటర్లు. తెల్లవి 36, కావున 144 మీటర్లు. ఆకుపచ్చవి 16, కావున 64 మీటర్లు. మొత్తము 256 మీటర్లు, పేకదారము వేరుగ. పేకకు అంచు రంగు దారమునే వాడవలెను. అది అంచున మాత్రమే కొంచెముగ కనబడును కనుక ఆకుపచ్చలో కలిసిపోవును.

సాఫ్ట్‌వేరులో ఈ పని ఎట్లు జరుగునన, తెరపై గళ్ళ కాగితమువంటి పట్టిక కనబడును. ఒక్కొక్క నిలువు వరుస ఒక పలక. నాలుగు అడ్డవరుసలు నాలుగు రంధ్రములు. రంగు ఎన్నుకొని గడిలో ఒత్తినచో ఆ రంధ్రమునకు ఆ రంగు దారము ఎక్కించినట్లు. దాని క్రింద ప్రతి పలకకును దారము ఎక్కించు దిశను చూపు వాలుగుర్తు ఉండును. దానిపై ఒకసారి ఒత్తిన దిశ మారును. తరువాత త్రిప్పుల పట్టిక. వరుస వరుసకును ముందుకా, వెనుకకా అని గుర్తించుకొనిపోగ ప్రక్కనే పట్టీ బొమ్మ నేయబడినట్లు కనబడుచుండును. జీ.టీ.టీ. అను పొట్టిపేరుతో పిలువబడునది, ట్విస్టెడ్ థ్రెడ్స్ అనునది, ఇట్టి పనికై ప్రత్యేకముగ చేయబడినవి. ఇవి ఆంగ్లములో ఉన్నను మాటలకంటె గుర్తులే ఎక్కువ కనుక హైస్కూలు చదువుచున్న బాలిక ఒకరు ఇంట ఉండినచో తల్లికి ఒక సాయంకాలములో చూపగలదు.

ఈ బొమ్మ చూచుట వలన కలుగు పెద్ద లాభము ఒకటున్నది. పలకలో దారము మెలిపడునప్పుడు ప్రతి చుక్కయు కొంచెము వాలుగ పడును. ఆ వాలు, నమూనా గీత వాలు ఒకే వైపునకు ఉన్నచో గీత నునుపుగ వచ్చును. ఎదురైనచో మెట్లుమెట్లుగ, రంపపు పండ్లవలె వచ్చును. ఎక్కించిన దిశ తప్పినదని కాగితముపై తెలియదు. నేసిన తరువాతగాని తెలియదు. అప్పుడు దారములను విప్పి మరల ఎక్కించుటకు పూట పట్టును. తెరపై ఒక్క ఒత్తుతో దిద్దుకొనవచ్చును. ఈ వ్యాసకర్త స్వానుభవముననే దీనిని చెప్పుచున్నాడు. మొదటి ప్రయత్నమున తొమ్మిదవ పలకకు దారములు తలక్రిందుగ ఎక్కించి, తెరపైనున్న బొమ్మను తన పట్టీతో పోల్చిచూడక, జానెడు నేసిన పిమ్మట కుడిప్రక్క ఆకులలో ఒకటి చీలినట్లుండుట కనుగొన్నాడు. తప్పు సాఫ్ట్‌వేరుది కాదు. అయినను ఆ సాయంకాలము దానిని నిందింపకపోలేదు.

తెర దాచిపెట్టు సంగతులును కొన్ని ఉన్నవి. మొదటిది మెలి. పలకలను ఒకే దిశను త్రిప్పుచు పోగ, నేసిన వైపున త్రాడు ఎంత మెలిపడునో, పలకలకు ఆవల నేయని పడుగులో అంతయు ఎదురుమెలి పేరుకొనును. కొంతసేపటికి పలకలు కదలవు. కావున పదునారు ముందుకు నేసినచో పదునారు వెనుకకు నేసి మెలి తీర్చుకొనవలెను. లేదా ఆవలి కొసలను విప్పి దువ్వుకొనవలెను. దీనికి సులభమైన లెక్క: ముందుకు త్రిప్పిన సంఖ్యనుండి వెనుకకు త్రిప్పిన సంఖ్యను తీసివేయగ సున్న వచ్చినచో మెలి తీరినట్లు. సున్న రాకున్నను, నాలుగు చేత నిశ్శేషముగ భాగింపబడినచో పలక మొదటి స్థితికి వచ్చినదిగాని మెలి మాత్రము మిగిలియున్నదని గ్రహింపవలెను. దిశ మార్చినచోట అదే దారము రెండు వరుసలపై సాగి కనబడును. అక్కడ పట్టీ కొంచెము బలహీనము. రెండవది కొలత. తెరపై గడులు చదరముగ నుండును. చేతిలో పేకను గట్టిగ ఒత్తినచో నమూనా పొట్టియగును, వదులుగ ఒత్తినచో సాగును. గుండ్రమని గీసినది కోడిగ్రుడ్డగును. ముందు జానెడు నేసి, కొలిచి, ఆ నిష్పత్తిని బట్టి తెరపై నమూనాను దిద్దుకొనుట తప్ప దీనికి మార్గము లేదు.

పలకనేతను మన మగ్గపు అంచునేతతో పోల్చుట ఇచ్చట అవసరము. చీర అంచున జాకార్డుతో పూవు దింపునప్పుడు ప్రతి పడుగుపోగును ఆ వరుసలో పైకి లేపవలెనా, వదలవలెనా అనునది అట్టపై రంధ్రముండుటను బట్టి నిర్ణయమగును. ఫ్రాన్సు దేశపు లియోన్ నగరమున జోసెఫ్ జాకార్డు 1804లో ఈ సాధనమును రూపొందించెను. ఆ రంధ్రపు అట్టలనే 1830 దశకమున ఇంగ్లండులో ఛార్లెస్ బాబేజి తన గణనయంత్రపు ప్రణాళికకు తీసికొనెను. కంప్యూటరు మగ్గమునకు శిష్యురాలనుట అతిశయోక్తి కాదు. నేడు గురువుకు శుశ్రూష చేయుచున్నది. జాకార్డు, డాబీ నమూనాలకై కేంద్ర ప్రభుత్వపు డిజిటల్ ఇండియా కార్పొరేషన్ వారు డిజీబునాయ్ అను సాఫ్ట్‌వేరును తయారుచేసి ఉచితముగ అందించుచున్నారు. గ్రాఫు కాగితముపై గడి గడిగ రంగువేయుటకు పట్టు రోజుల పని దానితో చాల తగ్గును. చీరల నేతవారు దానిని నేర్చుకొనవలెను. విజయవాడలోని నేతపనివారల సేవాకేంద్రము, వెంకటగిరిలో ప్రగడ కోటయ్యగారి పేర వెలసిన చేనేత సాంకేతిక విద్యాసంస్థ ఈ విద్యకు సంబంధించినవి. కాని పలకనేతకు అది పొసగదు. జాకార్డులో ప్రతి పోగు స్వతంత్రము. పలకలో నాలుగు పోగులు ఒకే కుటుంబము. ఒకటి పైకి వచ్చినచో మరియొకటి క్రిందికి పోవలసినదే. ఈ కట్టుబాటును ఎరిగిన సాఫ్ట్‌వేరు వేరుగ కావలెను.

అక్షరములు నేయు కోరిక అందరికిని కలుగును. దీనికి రెండు ముఖముల నేత అను పద్ధతి కలదు. ప్రతి పలకలో ప్రక్కప్రక్క రంధ్రములలో రెండు ముదురు దారములు, మిగిలిన రెంటిలో రెండు లేత దారములు ఎక్కింతురు. రెండుసార్లు ముందుకు, రెండుసార్లు వెనుకకు త్రిప్పుచు నేసినచో పైముఖమున ఒక రంగు, అడుగుముఖమున రెండవ రంగు నిలుచును, మెలియు పేరుకొనదు. అక్షరపు గీత రావలసినచోట ఆ పలకను మాత్రము అదే దిశను మరి రెండుసార్లు త్రిప్పినచో రంగులు తారుమారగును. ఇక్కడ చేతిలెక్క మిక్కిలి కష్టము. సాఫ్ట్‌వేరు లేకుండ క్రొత్తవారు దీనికి పూనుకొనుట మంచిది కాదు.

మన తెలుగు లిపి ఈ నేతకు కొంత చిక్కు తెచ్చును. రోమను అక్షరములలో నిలువుగీతలు, అడ్డగీతలు ఎక్కువ. కొద్ది పలకలతోనే అవి కుదురును. మనవి గుండ్రనివి, పైన తలకట్టు, క్రింద ఒత్తు. గుండ్రము గుండ్రముగ కనబడవలెనన్న పలకల సంఖ్య పెరుగవలెను. ఈ దృష్టితో మన ఊళ్ళ పేర్లను పరిశీలింపగ వినోదముగ నుండును. గంగవరం అను పేరు నేతకు పుట్టినట్లున్నది. గ, వ, ర, రెండు సున్నలు. ఒత్తులు లేవు, కొమ్ములు లేవు. దానికి ముందున్న 'కె' లోని ఎత్వము మాత్రము పైకి లేచును. దానికై రెండు మూడు పలకలు అదనముగ కేటాయింపవలెను. కోటిపల్లి వచ్చుసరికి 'ల్లి' క్రింద ఒత్తు దిగును, పైన గుడి నిలుచును. ద్రాక్షారామం సంగతి చెప్పనే అక్కరలేదు. 'ద్రా' యు 'క్షా' యు రెండును పట్టీ అంచులు దాటి బయటపడజూచును. నేర్చుకొనువారు గంగవరముతో ఆరంభించి ద్రాక్షారామమునకు నెమ్మదిగ చేరుట ఉచితము. దూరమును ఎక్కువ లేదు.

ఇది అమ్ముడగునా అను ప్రశ్న న్యాయమైనది. అమ్మకపు దారి చూచుకొనకయే శిక్షణలు జరుపుట, శిక్షణ ముగిసిన మరునాడే పలకలు అటకెక్కుట పలుచోట్ల చూచినదే. కావున పట్టీ నేయుటకు ముందు దానిని ఎవరు కొందురో చూడవలెను. కార్యాలయములలోను పాఠశాలలలోను గుర్తింపుకార్డులను మెడలో వేలాడదీయు పట్టీలు నేడు పాలియెస్టరుతో చేయబడి ఎక్కడెక్కడి నుండియో వచ్చుచున్నవి. పైన చెప్పిన నాలుగు మీటర్ల పడుగులో తొంబది సెంటీమీటర్ల పట్టీలు మూడు వచ్చును. ఒక పాఠశాల ఉపాధ్యాయులకు, ఒక సచివాలయపు సిబ్బందికి సరిపడు పట్టీలు ఒక సంఘము వారు తీరికవేళ నేయగలరు. సంచులకు పట్టెడలు, రవికె చేతులకు అంచులు, కనుమనాడు జగ్గన్నతోట తీర్థమునకు సాగు ప్రభలకు అలంకారపు పట్టీలు కూడ ఆలోచింపదగినవి. ధర నిర్ణయించుటకు మొదట తన చేతివేగము తెలియవలెను. గడియారము ముందుంచుకొని గంటకు ఎన్ని అంగుళములు నేయబడుచున్నదో మూడురోజులు వ్రాసికొని, సరాసరి తీసి, పడుగు కట్టుటకు పట్టిన కాలముకూడ కలిపి, కూలి లెక్కింపవలెను. పడుగు కట్టు శ్రమను లెక్కలో చేర్చకుండుట మనవారు తరచుగ చేయు పొరపాటు. ఆ శ్రమ ఎంతటిదో ఎరిగినవాడు కనుకనే తెలంగాణమున చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి చేతినొప్పులు చూడజాలక ఆసుయంత్రమును కనిపెట్టి దానికి ఆమె పేరే పెట్టెను; 2017లో ఆయనకు పద్మశ్రీ లభించినది.

నమూనా కంప్యూటరులో ఉన్నప్పుడు దొంగిలించుట సులభమను సంగతి గమనింపవలెను. పట్టీ చూచి నమూనా కూర్చుటకు నేర్పు కావలెను. ఫైలు చేతికి చిక్కినచో ఏమియు అక్కరలేదు. క్రొత్త నమూనాను 2000 సంవత్సరపు డిజైనుల చట్టము క్రింద నమోదు చేయించుకొనవచ్చును. పది సంవత్సరముల రక్షణ లభించును; మరి ఐదు సంవత్సరములు పొడిగించుకొనవచ్చును. అయితే నమోదునకు దరఖాస్తు పెట్టక పూర్వము ఆ నమూనా బహిరంగమైనచో దానిని క్రొత్తదిగ అంగీకరింపరు. కావున ముచ్చటపడి ఫోనులో ఫొటో తీసి నలుగురికి పంపుట దరఖాస్తు పెట్టిన తరువాతనే చేయవలెను. వర్తకుడు అడిగినచో పట్టీ ముక్క చూపుడు, ఫైలు ఇయ్యకుడు. కొబ్బరి మట్టవలె అందరికిని తెలిసిన ఆకృతులపై ఎవ్వరికిని ప్రత్యేకహక్కు ఉండదు. వానిని ఎవరైనను నేసికొనవచ్చును.

కరెంటు పోయినప్పుడును, ఫోను చెడినప్పుడును పని ఆగకుండుటకు ప్రతి నమూనాను ఒక గళ్ళ నోటుపుస్తకమున చేతితో ఎక్కించుకొనవలెను. పలకల సంఖ్య, రంధ్రముల రంగులు, ఎక్కించిన దిశలు, త్రిప్పుల వరుస, వాడిన నూలు నంబరు, నేసిన తరువాత వచ్చిన వెడల్పు, గంటకు వచ్చిన పొడవు, ఈ ఏడును ఒకే పుటలో వ్రాసి, నేసిన పట్టీ అంగుళపు ముక్కను ఆ పుటకే కుట్టి ఉంచవలెను.